కౌన్సెలర్ పోస్టు సరే, కౌన్సెలర్‌ని తయారు చేసేదెవరు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్లకు, పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య శాఖల అధికారులకు, విశ్వవిద్యాలయాల సైకాలజీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

నేను సైకాలజీ పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్తాను. వాళ్లను ఇంటర్న్‌షిప్‌కి స్కూళ్లకూ జూనియర్ కాలేజీలకూ పంపి, తిరిగొచ్చాక వాళ్లు రాసుకొచ్చిన కేసు రికార్డులు దిద్దుతాను. స్కూళ్లకూ కాలేజీలకూ కావాల్సిన కౌన్సెలర్లకు సరైన శిక్షణ ఏర్పాటు చేయమని ఇక్కడ రాస్తున్నదంతా ఇంతకుముందే మేము కొందరం కలిసి వినతిపత్రంగా రాసి సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. ముట్టినట్టు స్టాంపు వేసిచ్చారు. తర్వాత వెళ్లి అడిగితే అది యూనివర్సిటీ వాళ్లు చూసుకోవాల్సిన పని అన్నారు. యూనివర్సిటీలో అడిగితే స్కూళ్లలో పోస్టులు లేకుండా కోర్సు పెడితే ఎవరు చేరతారు అన్నారు. పోస్టుల సంగతి చూసేవాళ్లను అడిగితే అర్హులు దొరకడం లేదన్నారు. మూడు జవాబులూ నిజమే. మూడూ కలిస్తే ఎవరూ కదలనక్కర్లేదు. అందుకే ఈసారి ముగ్గురికీ కలిపి, అందరి ఎదుటా రాస్తున్నాం.

సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు మీ దగ్గర ఉండే ఉంటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జులైలో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి అక్కడితో ఆగలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చి, చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాలంది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌ని గానీ సైకాలజిస్టుని గానీ సోషల్ వర్కర్‌ని గానీ పెట్టుకోవాలని, ఆ మనిషికి పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్నట్టు ఆధారం ఉండాలని వాటిలో ఒకటి చెప్తుంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క కూడా ఆ తీర్పులోనే ఉంది. 2001లో ఆ సంఖ్య 5,425.

తీర్పు వచ్చాక యాజమాన్యాల నుంచి మాకు ఫోన్లు పెరిగాయి. అడిగేది ఒకటే: "మేడం, ఎంఏ సైకాలజీ అయినవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి." శిక్షణ ఏముందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. తీర్పులో "పెట్టుకోవాలి" అన్న ముక్కను అందరూ చదువుకున్నారు. "శిక్షణకు ఆధారం" అన్న ముక్క దగ్గర చూపు ఆగడం లేదు. మా లేఖ మొత్తం ఆ రెండో ముక్క గురించే.

మన దగ్గర కమిటీలకు కొదవ లేదు. కార్పొరేట్ కాలేజీల్లో చావుల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదా రెడ్డి కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ కూర్చున్నాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఏం జరిగిందో ఎవరూ మర్చిపోలేదు. ప్రతిసారీ కౌన్సెలర్ల మాట వచ్చింది, వెళ్లిపోయింది. ఆ కౌన్సెలర్లు ఏ తరగతి గదిలోంచి, ఏ శిక్షణలోంచి రావాలన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ పక్కకు జరిగింది.

ఇప్పుడున్న పరిస్థితి క్లుప్తంగా ఇదీ. ఆస్పత్రిలో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టుకు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన శిక్షణ ఉండాలి. సీనియర్ల కళ్లముందు రోగుల్ని చూస్తూ నేర్చుకునే చదువు అది. మిగతా సైకాలజిస్టులు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కిందకు వస్తారు. సీబీఎస్ఈ 2018లో తెచ్చిన నిబంధనల్లో సెకండరీ, సీనియర్ సెకండరీ స్కూళ్లు కౌన్సెలర్‌ని పూర్తికాలం పెట్టుకోవాలని, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల్లో మూడువందల మంది కంటే తక్కువ ఉంటే పార్ట్‌టైమ్ చాలని ఉండేది. ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా ఒకటి నడుపుతోంది. మన రాష్ట్రాలకు కేటాయించిన కేంద్రం మైసూరు. టీచర్లకు అది మంచి కోర్సే, కానీ రెండు రాష్ట్రాల అవసరాన్ని మైసూరు మీద వదిలేయలేం. ఇక 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని ఆపేసింది. మనిషి ఎదురుగా కూర్చోకుండా ఈ పని నేర్పలేం కాబట్టి అది మంచి నిర్ణయమనే నా అభిప్రాయం. రెగ్యులర్ కోర్సులో మేము మాత్రం మనిషి ఎదురుగా ఎంతసేపు కూర్చోబెడుతున్నామని అడగండి, అప్పుడు మాకు ఇబ్బంది మొదలవుతుంది.

మా ప్రాక్టికల్ రికార్డు తెరిచి చూడండి. గీతల పొడవు కంటిని మోసం చేసే ముల్లర్-లయర్ ఇల్యూజన్, అద్దంలో చూస్తూ గీసే మిర్రర్ డ్రాయింగ్, రియాక్షన్ టైమ్. ప్రయోగ పద్ధతి నేర్చుకోవడానికి అవీ కావాలి, కాదనను. కానీ తొమ్మిదో తరగతి పిల్లాడు నాలుగు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని క్లాస్ టీచర్ తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెడితే ముందు ఏం చేయాలో ఆ రికార్డులో ఎక్కడా ఉండదు. ఇంటర్న్‌షిప్ అంటే కొన్ని వారాలు. సర్టిఫికెట్ మీద ప్రిన్సిపాల్ సంతకం, ఒక రిపోర్టు, వైవా.

క్లాసులో నేనొక పని చేయిస్తుంటాను. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిని హాస్టల్లో ఉండే ఇంటర్ సెకండియర్ అమ్మాయిగా, ఇంకొకరిని కౌన్సెలర్‌గా ఉండమంటాను. "ఇక నావల్ల కాదు మేడం, ఇంట్లో అందరికీ భారమైపోయాను" అంటుంది ఆ అమ్మాయి. అక్కడ కౌన్సెలర్ అడగాల్సింది ఒకటే: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడగలేరు. "అంటే... వేరే ఆలోచనలేమైనా..." అని నసుగుతారు. "అలా అనకూడదమ్మా, నీకేం తక్కువ" అని ఓదార్పులోకి జారిపోతారు. కొందరు టెన్షన్‌లో నవ్వేస్తారు. సూటిగా అడిగితే లేని ఆలోచనను మనమే అందించినట్టవుతుందేమోనని భయం. అలా జరగదని పరిశోధనలు చెప్తూనే ఉన్నాయి. ఆ సంగతి పరీక్షలో ఇస్తే వీళ్లే చక్కగా రాసి మార్కులు తెచ్చుకుంటారు. నోటితో అడగడం వేరే విద్య. పదే పదే చేయిస్తే గొంతు నిలబడుతుంది. ఆ తర్వాత పనే అసలు పని: పిల్లని ఒంటరిగా వదలకుండా ఎవరిని పిలవాలి, ఇంటికి ఫోన్ చేసి ఏ మాటలతో చెప్పాలి, ఏ డాక్టరు దగ్గరకు పంపాలి, మర్నాడు ఎవరు కనుక్కోవాలి, వారం తర్వాత క్లాసులోకి ఎలా తీసుకురావాలి. ఇదంతా మా సిలబస్‌లో ఒక యూనిట్ కింద ఒక ఉపశీర్షిక. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి కాలేజీ గోడ మీదా ఉండాల్సిందే. కానీ గోడ దగ్గరికి పోయి నంబరు చూసుకునే స్థితిలో లేని పిల్లను గుర్తుపట్టాల్సింది ఆ గదిలో ఉన్న మనిషి.

ఈ శిక్షణ లేకపోవడం వల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా చెప్తాను.

1. ఒకసారి నోరు విప్పిన పిల్ల రెండోసారి విప్పదు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన మా విద్యార్థులకు చాలాచోట్ల గది ఉండదు. స్టాఫ్‌రూమ్ మూలో, ఆటసామాన్లు పెట్టే గదో, లైబ్రరీలో చివరి బల్లో ఇస్తారు. పిల్ల మాట్లాడి బయటికి వెళ్లగానే వార్డెన్ వచ్చి "ఏమంటోంది?" అని అడుగుతుంది. ఇరవైరెండేళ్ల ట్రైనీ, తనకన్నా వయసులో, హోదాలో పెద్దామెకు "చెప్పకూడదండీ" అని ఎలా అంటుంది? ఎక్కడ నేర్చుకుంది కనుక? చెప్పేస్తుంది. సాయంత్రానికి హాస్టలంతా తెలుస్తుంది. దీనికి ఎదురు తప్పూ జరుగుతుంది. పిల్ల తన మీద జరిగిన లైంగిక వేధింపు గురించి చెప్తే, గోప్యత పేరుతో ట్రైనీ లోపలే దాచుకుంటుంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అది పోలీసులకు తెలియజేయాల్సిన విషయం. తెలియజేయకపోతే శిక్ష కూడా ఉంది. ఏది ఎవరికీ చెప్పకూడదు, ఏది చెప్పి తీరాలి, చెప్పేముందు పిల్లకు ఏమని చెప్పాలి అన్నది పుస్తకంలో ఒక పేజీ. ఆచరణలో మాత్రం పక్కన అనుభవం ఉన్న మనిషి లేకుండా ఎవరికీ పట్టుబడదు.

2. చదవలేని పిల్లాడికి తప్పు పేరు పడుతుంది. నాకు అన్నిటికన్నా బాధగా ఉండేది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను. ఆరో తరగతికి వచ్చినా ఒత్తులు పడని పిల్లాడుంటాడు. "పద్యం" రాయమంటే "పదయం" అని రాస్తాడు, మ, య తికమకపడతాడు. వాడిది నిర్దిష్ట అభ్యసన వైకల్యమా? కోవిడ్ కాలంలో ఒకటి, రెండు తరగతులు ఫోన్లో గడిచిపోయి అసలు నేర్పకపోవడమా? ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్ కావడమా? కంటిచూపా, వినికిడా? ఈ చిక్కుముడి విప్పడమే స్కూల్ సైకాలజిస్టు ప్రధాన పని. 2016 వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది, వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన బోధన అందించమని ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టింది, అయిదేళ్లకోసారి బడిపిల్లల్ని సర్వే చేయమంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో పనిచేసే ఐఈఆర్‌పీలు ఉన్నారు, పాపం వాళ్ల శక్తికి మించి చేస్తున్నారు. పరీక్షించి ఇదీ సంగతి అని చెప్పగలిగే మనిషి మాత్రం నగరంలోనే దొరుకుతాడు. కూలికి పోయే తల్లి రెండు రోజుల పని మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని రావాలి.

పోనీ, వచ్చాక జరిగే పరీక్ష ఏమిటి? వెక్స్‌లర్ తెలివితేటల పరీక్షను భారతీయ పిల్లలకోసం మాలిన్ 1969లో మార్చిన ఎంఐఎస్‌ఐసీ. లేదా బినే-కామత్. దాని పునాది 1930ల్లో మరాఠీ, కన్నడ పిల్లల మీద జరిగిన పని. మా విద్యార్థి ఇంగ్లిష్ ప్రశ్నను అక్కడికక్కడ మనసులో తెలుగు చేసుకుని అడుగుతాడు. పక్క గదిలో ఇంకో విద్యార్థి అదే ప్రశ్నను ఇంకోలా అడుగుతాడు. అంకెలు విని తిరిగి చెప్పే భాగం ఒకటుంది. ఇంగ్లిష్ "ఎయిట్" ఒక్క విసురులో అయిపోతుంది, మన "ఎనిమిది" అలా కాదు. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు తక్కువ గుర్తుంటాయన్నది సైకాలజీలో పాత సంగతి. అంటే పిల్లాడి జ్ఞాపకశక్తిలో లోటని రాసింది కొంతవరకు భాష తేడా కావచ్చు. రిపోర్టులో ఇవేమీ ఉండవు. "ఐక్యూ 78" అని ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని స్కూలువాళ్లు "వేరే స్కూల్ చూసుకోండి" అంటారు. డిస్లెక్సియా, అంటే చదవడంలో వచ్చే అభ్యసన వైకల్యం, కనిపెట్టడానికి జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసిన డాలీ పరీక్ష తొలుత వచ్చింది హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో. పక్క రాష్ట్రం భాష ఉంది, మన భాష ఆ మొదటి వరసలో లేదు. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్లకోసం జాతీయ స్థాయి సంస్థ ఉండి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967 నుంచి సైకాలజీ శాఖ ఉండి కూడా తెలుగు పిల్లల కొలతలకు మనం ఇతర భాషల వైపు చూడటం ఎందుకో మీరే ఆలోచించండి. ఏజెన్సీలో కోయ, సవర మాట్లాడే పిల్లల సంగతి, ఆదిలాబాద్‌లో గోండి పిల్లల సంగతి, పాతబస్తీలో ఉర్దూ పిల్లల సంగతి ఇంకా వెనక్కి.

3. ఖాళీ జాగా ఖాళీగా ఉండదు, మోసం వచ్చి కూర్చుంటుంది. వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లాడు ఇంజనీరవుతాడో డాక్టరవుతాడో చెప్తామనే డీఎంఐటీ, కళ్లకు గంతలు కట్టి రంగులు చెప్పించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్. వీటికి శాస్త్రీయ ఆధారం లేదు. అయినా రంగురంగుల రిపోర్టు బైండింగ్‌తో సహా చేతికొస్తుంది, వేలల్లో ఫీజు పోతుంది. స్కూలు ఆవరణలోనే టేబుల్ వేసి చేస్తే తల్లిదండ్రులు నమ్మక ఏం చేస్తారు? శిక్షణ ఉన్న ఒక మనిషి ఆ స్కూల్లో ఉంటే ఈ పరీక్షలు అమ్మేవాళ్లను మొదటి రోజే గేటు దాటనివ్వదు.

4. కౌన్సెలర్ అంటే మోటివేషన్ స్పీకర్ అనుకుంటారు. "పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పండి" అని మూడువందల మందిని నేలమీద కూర్చోబెట్టి మైకు ఇస్తారు. లీవులో ఉన్న టీచర్ పీరియడ్‌కు పంపుతారు. కొన్నిచోట్ల వేసవిలో అడ్మిషన్ల కోసం ఇళ్లకు తిప్పుతారు. వేసవిలో మీ పిల్లని మా కాలేజీలో వేయండని బతిమాలిన మనిషి, డిసెంబర్లో ఆ పిల్ల ఈ కాలేజీ వద్దని ఏడిస్తే ఎవరి పక్షాన ఉండాలి? స్టార్ బ్యాచ్ నుంచి కింది సెక్షన్‌కు దించిన పిల్లల్ని సముదాయించమని కౌన్సెలర్‌కే పంపుతారు. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. ఆ మాట ప్రిన్సిపాల్‌కి చెప్పగలిగే ధైర్యం ఉండాలంటే నియామక పత్రంలో విధులు రాసి ఉండాలి, వెనకాల వృత్తి సంఘమో విశ్వవిద్యాలయమో ఉండాలి.

5. ట్రైనీ నలిగిపోతుంది. స్కూల్లో ఒక పిల్ల చనిపోతే ఆ వారం ముందు మాట్లాడింది మా విద్యార్థినే అయితే, యాజమాన్యం మొదట చూపే వేలు ఆమె వైపే. ఆమె రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? కోర్సులో ఆ నంబరు లేదు.

ఈ పని ఎలా నేర్పాలో ప్రపంచానికి తెలియని విషయమేం కాదు. అమెరికాలో స్కూల్ సైకాలజిస్టు అన్న హోదాతో ఆర్నాల్డ్ గెసెల్ కనెక్టికట్‌లో 1915లోనే పనిచేశాడు. అక్కడి జాతీయ సంఘం, ఎన్ఏఎస్‌పీ, ప్రమాణాల ప్రకారం స్పెషలిస్టు స్థాయి చదువులో 1,200 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలి, అందులో కనీసం 600 గంటలు బడిలోనే. దానికి ముందు ప్రాక్టికమ్, అంటే చదువుతూనే చేసే క్షేత్రసాధన, వేరే. అయిదువందల మంది విద్యార్థులకు ఒక సైకాలజిస్టు ఉండాలని వాళ్ల సిఫార్సు. అదే వాళ్లు కూడా చాలాచోట్ల అందుకోలేకపోతున్నారు, కాబట్టి అక్కడంతా స్వర్గమని నేననడం లేదు. అక్కడుండే మన తెలుగు తల్లిదండ్రుల్ని అడిగితే "ఐఈపీ మీటింగ్" అని పాలు, పెరుగంత మామూలుగా చెప్తారు. పిల్లాడికి ఏం కావాలో బల్ల చుట్టూ కూర్చుని టీచరు, సైకాలజిస్టు, తల్లిదండ్రులు కలిసి రాసుకునే ప్రణాళిక అది. 1975లో చేసిన చట్టం వల్ల వచ్చిన హక్కు. చట్టం మనకూ ఉంది. ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి లేడు. ఎంబీబీఎస్ పూర్తిచేసినవాళ్లను హౌస్ సర్జన్సీ లేకుండా రోగి మీదకు వదలం. బీఈడీకి కూడా టీచింగ్ ప్రాక్టీసు ఉంది.

కాబట్టి మేము అడుగుతున్నవి:

1. రెండు రాష్ట్రాల్లో ముందుగా కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో స్కూల్ సైకాలజీలో రెండేళ్ల ఎంఎస్సీ పెట్టండి. కొత్త కోర్సుకు ఆలస్యమవుతుందంటే ఇప్పుడున్న పీజీ రెండో ఏడాదిని ఆ దారిలో మార్చండి. ఆ రెండో ఏడాది పూర్తిగా ఒకే స్కూల్లో గడవాలి, జూన్ 12న బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్ దాకా. ఇది గంటల లెక్క కోసం అడగడం లేదు. జూన్‌లో హాస్టల్లో కొత్తగా దిగిన పిల్ల బెంగ ఒకరకం, దసరా సెలవుల తర్వాత తిరిగి రానని మొండికేసేది ఇంకోరకం, సంక్రాంతి దాటాక ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షల ఒత్తిడి వేరు, ఫలితాల వారం పూర్తిగా వేరు. డిసెంబర్లో నాలుగు వారాలకు వెళ్లొచ్చిన ట్రైనీ వీటిలో ఒక్కదాన్నే చూస్తుంది.

2. పర్యవేక్షణ లేని గంటల్ని ఇంటర్న్‌షిప్‌గా లెక్కించకండి. ప్రతి ట్రైనీకి వారానికోసారి కేసుల మీద కూర్చుని మాట్లాడే పర్యవేక్షకులు ఉండాలి. స్కూల్లో ఒకరు, విశ్వవిద్యాలయంలో ఒకరు. ఒక్కొక్కరి కింద ఇంతమందే అని పరిమితి పెట్టండి. ఇక్కడ చిన్నగా కనిపించే పెద్ద అడ్డంకి ఒకటుంది: అధ్యాపకుల వర్క్‌లోడ్ లెక్కలో ఈ గంటలకు సరైన చోటు లేదు. లెక్కలోకి రాని పనిని గెస్ట్ లెక్చరర్ ఎంతకాలం చేస్తాడు? ఖాళీగా ఉన్న రెగ్యులర్ పోస్టులు నింపమని అడగడం ఇందులో భాగమే.

3. ట్రైనీలకు స్టైపెండ్ ఇవ్వండి. ఏడాదిపాటు జీతం లేకుండా స్కూలుకు పోయిరాగలిగేది ఉన్నవాళ్ల పిల్లలే. ప్రభుత్వ గురుకులాల్లో చదివి వచ్చి, ఆ పిల్లల భాష, భయం తెలిసినవాళ్లే ఈ వృత్తిలోకి రాకుండా పోతారు.

4. తెలుగులో పరీక్షలు తయారు చేయించండి. చదవడం, రాయడం, తెలివి, ప్రవర్తన వీటన్నిటికీ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్, అనంతపురం దాకా, పల్లె, పట్నం, ఏజెన్సీ పిల్లలందరి మీదా ప్రమాణాలు కట్టాలి. రెండు ప్రభుత్వాలు కలిసి చేయగల పని ఇది. రాష్ట్రాలు విడిపోయినా గుణింతం ఒకటే. పీజీ విద్యార్థుల డిసర్టేషన్లను ఈ పనికి కలిపితే ఖర్చు తగ్గుతుంది. ఇప్పుడవి బైండు చేయించి బీరువాలో పెట్టుకుంటున్నాం.

5. ఇప్పటికే కౌన్సెలర్లుగా పనిచేస్తున్నవాళ్లను అర్హత లేదని తీసేయకండి. ఉద్యోగంలో ఉంటూనే ఆరు నెలల శిక్షణ, దాంతోపాటు నెలనెలా కేసు సమీక్ష ఏర్పాటు చేయండి. రెండు రోజుల వర్క్‌షాప్, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్ మాత్రం వద్దు. అవి మా అందరి దగ్గరా కట్టలుగా ఉన్నాయి.

6. కౌన్సెలర్ విధులు, గోప్యత మీద జీవో ఇవ్వండి. ప్రిన్సిపాల్ ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు, ఏ పరిస్థితిలో కౌన్సెలర్ తనంతట తానే చెప్పి తీరాలి అన్నది స్పష్టంగా రాయండి. తలుపున్న గది ఇవ్వాలని రాయండి. అడ్మిషన్ల డ్యూటీ, సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు వేయకూడదని రాయండి.

7. డీఎంఐటీ లాంటి ఆధారం లేని పరీక్షల్ని స్కూలు ఆవరణల్లో చేయకుండా ఒక సర్క్యులర్ ఇవ్వండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, రేపే ఇవ్వవచ్చు.

డబ్బు లేదంటారని తెలుసు. కొంతవరకు నిజమే కూడా. అందుకే ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావాలనడం లేదు. ఆరు, ఏడు వెంటనే అవుతాయి. అయిదు ఈ విద్యాసంవత్సరంలో మొదలుపెట్టవచ్చు. ఒకటి, రెండు, మూడు వచ్చే పీజీ అడ్మిషన్ల నోటిఫికేషన్‌లో కనిపించాలి. నాలుగుకు సమయం పడుతుంది, కాబట్టి అది ముందు మొదలవ్వాలి.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లోని తోటి అధ్యాపకులకు విడిగా ఒక మాట. సిలబస్ మన చేతిలో ఉంది. ప్రభుత్వం కదిలేదాకా ఆగకుండా రోల్‌ప్లే, కేసు కాన్ఫరెన్స్, పోక్సో మీద తరగతులు మనం ఈ సెమిస్టర్‌లోనే పెట్టుకోవచ్చు. కొందరు ఇప్పటికే చేస్తున్నారని తెలుసు. చేస్తున్నది రాసి మిగతావాళ్లకు పంపండి.

రెండేళ్ల కోర్సుకు సెమిస్టర్ల వారీగా ముసాయిదా సిలబస్, ట్రైనీల లాగ్‌బుక్ నమూనా, పర్యవేక్షకుల విధుల పట్టిక మేము తయారుచేసి పెట్టుకున్నాం. మొదటి వినతిపత్రంతో పాటు ఒక ప్రతి ఇచ్చాం, మళ్లీ ఇస్తాం. విశ్వవిద్యాలయాలు, పాఠశాల విద్య, ఇంటర్ విద్య శాఖలు ఒకే గదిలో కూర్చునే సమావేశం ఒకటి, వచ్చే ఏడాది అడ్మిషన్ల నోటిఫికేషన్ కంటే ముందే పిలవండి. పీజీ విద్యార్థుల్లో ఇద్దరినీ, పనిచేస్తున్న కౌన్సెలర్లలో ఇద్దరినీ, పిల్లల తల్లిదండ్రుల్లో ఇద్దరినీ అందులో కూర్చోబెట్టండి. తేదీ రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక సైకాలజీ అధ్యాపకురాలు,
తోటి అధ్యాపకులు, పీజీ విద్యార్థులు, స్కూల్ కౌన్సెలర్ల తరఫున